ఆరు నీలం గ్లాసులు

ఆ సంస్థలో అందరూ ఆయన్ని ముక్కుగారనే పిలిచేవారు. ఎదురుగా ఉన్నప్పుడు 'గారు' చేర్చేవారు, చాటుగా ఉత్త ముక్కు అన్నా సరిపోయేది. నిజానికి ఆయన ముక్కు పెద్దదేమీ కాదు. పెద్దదల్లా కోపం, అది కూడా ముక్కు మీదే ఉండేది. గ్లాసులో సబ్బు వాసన పిసరంత తగిలితే గ్లాసు తిరిగి వెళ్ళేది. ఎవరైనా సెంటు పూసుకుని వస్తే ఆ మనిషే తిరిగి వెళ్ళేవాడు. ఒకసారి యజమాని కొత్త లోషన్ రాసుకుని వస్తే, మీరు రేపు రండి అని ఆయన్ని ఆయన ఆఫీసులోంచే పంపించేశాడు. యజమాని కిమ్మనకుండా వెళ్ళిపోయాడు, మర్నాడు వచ్చాడు.

సంస్థ చేసే పని చెప్పుకోవాలంటే చిన్నదే. సముద్రం అవతలి నుంచి విస్కీని పీపాలతో తెప్పించి, సీసాల్లోకి దింపి, తన లేబుల్ అంటించి అమ్ముతుంది. కింద గోదాం, పైన ఆఫీసు, ఆఫీసు చివర ఒక తెల్లగది. ఆ గదిలో కర్టెన్లు ఉండవు, గుడ్డ వాసన పట్టి ఉంచుతుంది కాబట్టి. టీ కప్పు గడప దాటదు. ఒక పొడుగాటి బల్ల, నాలుగు కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కనా ఉమ్మడానికి ఒక స్టీలు గిన్నె. రుచి చూసేవాళ్ళు మింగరు. ఇరవై రెండేళ్ళలో ముక్కుగారు ఉమ్మిన విస్కీ ఒక ట్యాంకరుకు సరిపోతుందేమో గానీ, మింగింది మాత్రం ఒక సీసా కూడా ఉండదు. ఈ సంగతి వీధిలో ఎవరూ నమ్మేవారు కాదు. ఆయన భార్య ఒక్కతే నమ్మేది. ఇంటి ముందుగదిలో ఆమె కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టేది. ఉమ్మితే జీతమిచ్చే ఉద్యోగం ప్రపంచం మొత్తం మీద ఈయనదొక్కటేనని, కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వించేది.

ఆమె పోయి ఎనిమిది నెలలైంది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది, పన్నెండో రోజు లేదు. ఆ తర్వాత వారం పాటు ఆయన జ్వరంతో పడ్డాడు. జ్వరం దిగిన పొద్దున పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ ఉండిపోయాడు. పక్కింటావిడ తలుపు బాది, మాడువాసన వీధంతా కొడుతోందని చెప్పేవరకూ ఆయనకు తెలియలేదు. వచ్చి చూస్తే గిన్నె అడుగు నల్లగా అయిపోయి ఉంది. దాని మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చాడు. వేడి తగిలింది, అంతే.

మామూలు రోజుల్లో అయితే ఆయన ఇల్లు పీకి పందిరేసేవాడు. ముక్కు పోవడమంటే ఆయనకు చేతులు పోవడమే. కానీ ఆ గాభరా కూడా రాలేదు. చాలాసేపు మడిచి కూర్చుంటే కాలు తిమ్మిరెక్కినట్టు మనిషంతా తిమ్మిరెక్కి ఉన్నాడు. ఏడుపు వస్తుంది, ఏడిస్తే తేలికపడుతుంది అని చుట్టాలందరూ చెప్పారు. ఆయనా బుద్ధిగా ఏడుపు కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. అన్నం తినేవాడు, పనికి వెళ్ళేవాడు, తిరిగి వచ్చేవాడు. ఎవరైనా జోకు వేస్తే నవ్వాల్సిన చోట నవ్వేవాడు కూడా.

ఒకసారి ఊరవతల ఉన్న చెవి-ముక్కు డాక్టరు దగ్గరికి గుట్టుచప్పుడు కాకుండా వెళ్ళొచ్చాడు. ఏం చేస్తుంటారని డాక్టరు అడిగితే, కుట్టుపని అని చెప్పాడు. అయితే మరీ అంత ఇబ్బంది లేదులెండి అన్నాడు డాక్టరు. జ్వరం తర్వాత ఒక్కోసారి ఇలా అవుతుందట. కొందరికి నెలల్లో తిరిగి వస్తుంది, కొందరికి రాదు. ముక్కుగారు థాంక్స్ చెప్పి వచ్చేశాడు.

మరి తెల్లగదిలో ఎలా నెట్టుకొచ్చాడని ఎవరికైనా అనుమానం రావాలి. ముక్కు పోయినా నాలుక మిగిలింది. తీపి, చేదు, పులుపు తెలిసేవి, గొంతులో మంట తెలిసేది. ఇక మిగతాదంతా కొట్టిన పిండి. ఇరవై రెండేళ్ళ నోటుబుక్కులు ఇంట్లో వరసగా ఉన్నాయి, అందులో ఉన్నవి చాలావరకు ఆయనకు కంఠతా వచ్చు. తొమ్మిదేళ్ళ కిందట రాసిన ఎండుద్రాక్షనీ పాత తోలునీ తీసుకొచ్చి ఇవాళ్టి కాగితం మీద రాసేవాడు. యజమాని, గోదాం మేనేజరు కూడా రుచి చూసే బల్ల దగ్గరే కూర్చునేవారు గానీ, ముక్కుగారు చదివేదాకా ఆగి, 'నాకూ అలాగే అనిపించింది' అని వంత పాడటం వాళ్ళకు ఏళ్ళ నాటి అలవాటు. అలా కోరస్ ఉన్నచోట పాట తప్పిన సంగతి ఎవరికి తెలుస్తుంది?

తెలియడానికి ఒకే ఒక్క దారి ఉంది. దాన్ని పెట్టింది కూడా ఆయనే, చాలా ఏళ్ళ కిందట, ఇంకా మీసం నల్లగా ఉన్న రోజుల్లో. ఏ రోజు రుచి చూసినా బల్ల మీద ఆరు గ్లాసులుంటాయి. ముదురు నీలం గాజు, లోపలి రంగు కనపడదు. ఆరింటిలో విస్కీలు మాత్రం ఐదే. ఒకదాన్ని రెండు గ్లాసుల్లో పోస్తారు. ఆ జంటను పట్టుకోవాలి. పట్టుకోలేనివాడికి ఆ రోజు ముక్కు పనిచేయనట్టు లెక్క, వాడి మార్కులు పక్కన పెడతారు. గ్లాసుల్లో పోసేది పక్క గదిలో ఉండే ఒక నడివయసు మనిషి. ఆమెను గ్లాసులమ్మ అంటారు. ఏ గ్లాసులో ఏది పోసిందో చిన్న కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, బల్ల మీద ఉంచి వెళ్ళిపోతుంది. మొహం చూసి ఎవరైనా ఏమైనా పసిగడతారని ఆమె ఆ గదిలో ఉండకూడదు. అందరూ రాసింది చదివాక కవరు విప్పేది ముక్కుగారు ఒక్కడే. జంట ఏదో చెప్పి, కాగితం చించి స్టీలు గిన్నెలో వేసేస్తాడు.

జ్వరం తర్వాత మొదటి రెండుసార్లు ఆయన నోటికొచ్చిన జంట చెప్పి, కవరు విప్పి, అదే జంటను చదివినట్టు నటించాడు. కాగితంలో ఉన్నది మాత్రం రెండూ ఐదూ. మూడోసారీ రెండూ ఐదే. నాలుగోసారీ అంతే. గ్లాసులమ్మకు వయసు మీదపడి అశ్రద్ధ వచ్చిందనుకున్నాడు. పాత రోజుల్లో అయితే ఆ అశ్రద్ధకు ఆమెను దులిపేసేవాడు. ఇప్పుడు నోరు మెదపలేదు. ప్రతిసారీ రెండుకీ ఐదుకీ ఒకే మార్కులు వేస్తూ వచ్చాడు. అబద్ధం చదవాల్సిన పని కూడా తప్పింది.

ఇలా సాగిపోయేదే. మధ్యలో మేనకోడలి పరీక్ష వచ్చింది.

ఈ అమ్మాయి ఆయన భార్యకు అన్న కూతురు. చిన్నప్పటి నుంచీ సెలవులన్నీ మేనత్త కుట్టుమిషన్ దగ్గరే గడిపింది. కళ్ళు మూసుకుని గుడ్డ వాసన చూసి ఇది నూలు, ఇది ఉన్ని, ఇది కొట్టులో తడిసి ఆరిన తాను అని చెప్పేది. అది చూసి ముక్కుగారే సంస్థలో పెట్టించాడు. సీసాలు నింపే చోట రెండేళ్ళు పనిచేసింది. ఇంట్లో ఆయన్ని నువ్వు అంటుంది, ఆఫీసు మెట్లెక్కితే మీరు, సార్ అంటుంది. ఆ తేడా తనంతట తనే పెట్టుకుంది. బల్ల దగ్గర నాలుగో కుర్చీ చాన్నాళ్ళుగా ఖాళీ. అది దక్కాలంటే మూడుసార్లు జంటను పట్టుకోవాలి. ఆయన జ్వరానికి ముందే రెండుసార్లు పట్టుకుంది. ఇది మూడోది. తప్పితే మళ్ళీ మొదటికి, అదీ ఏడాది ఆగాక.

ఆయన ఆమెకు నేర్పింది ఎక్కువేమీ లేదు. పొద్దున్నే ఉత్త బ్రెడ్డు, నీళ్ళు తప్ప ఏమీ తినకు. ముక్కు అలిసిపోతే నీ మోచేతి మడత వాసన చూడు, మళ్ళీ తెరుచుకుంటుంది. ముక్కు చెప్పింది రాయి, పక్కవాడు చెప్పింది రాయకు. లేనిది రాయకు. ఈ నాలుగూ ఆమె తు.చ. తప్పకుండా పాటించేది.

ఆ రోజు పదిన్నరకు నలుగురూ కూర్చున్నారు. వచ్చినవి ఐర్లండ్ పాట్ స్టిల్ విస్కీలు. మొలకెత్తించిన బార్లీనీ మొలకెత్తించని పచ్చి బార్లీనీ కలిపి, రాగి కుండల్లో మూడుసార్లు కాచి దించేవి. పచ్చి బార్లీ వల్ల వాటికొక చిక్కదనం, నాలుక మీద నూనె పూసినట్టు ఒక జారుడు, చివర మిరియపు ఘాటు ఉంటాయి. ఐదూ ఒకే చోటివి, ఒకే వయసువి. తేడా అంతా చివరి రెండేళ్ళలో ఉంది. ఒకటి మామూలు పీపాలోనే ఉండిపోయింది. మిగిలిన నాలుగింటినీ షెర్రీ, పోర్ట్, మదీరా, మర్సాలా మోసిన పీపాల్లోకి మార్చారు. ఇవన్నీ బ్రాందీ కలిపి బలం పెంచిన వైన్లు. చెక్క తాగిన వైను కొద్దికొద్దిగా విస్కీలోకి దిగుతుంది. నాలుగింటిలో ఏదో ఒక పీపాను సంస్థ కొనాలి. ఏది కొనాలో మధ్యాహ్నంలోగా తేలాలి.

ముక్కుగారు ఒకటో గ్లాసు మూత తీసి, తల కాస్త వంచి, ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు. చూసేవాళ్ళకు ఎంత ముచ్చటగా ఉండేదో ఆ భంగిమ. లోపల మాత్రం ఖాళీ గదిలో నిలబడ్డట్టుండేది. చిన్న గుక్క తీసుకుని నోట్లో తిప్పాడు. జారుడు ఉంది, ఘాటు ఉంది. ఉమ్మాడు. నాలుగు చుక్కల నీళ్ళు కలిపి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఉమ్మాడు. ఆరు గ్లాసులూ అలాగే నడిచాయి. రెండుకీ ఐదుకీ ఎనభై ఎనిమిది వేసి, షెర్రీ పీపా అని రాసి, ఎండుద్రాక్ష, వాల్‌నట్, పాత తోలు, చివర లవంగం అని చేర్చాడు. పక్కన అమ్మాయి మూడో గ్లాసు దగ్గర చాలాసేపు ఆగింది. మోచేతి మడతలో ముక్కు పెట్టుకుని, ఆరో గ్లాసుకు వెళ్ళి, మళ్ళీ మూడుకు వచ్చింది. ఆయన అది గమనించాడు గానీ దాని గురించి ఏమీ అనుకోలేదు.

కలాలు దించాక, పద్ధతి ప్రకారం పెద్దవాడు ముందు చదవాలి. చదివాడు. రెండూ ఐదూ ఒకటే, షెర్రీ పీపా, కొనాల్సింది అదేనన్నాడు. తనకూ అలాగే అనిపించిందన్నాడు యజమాని. తనకైతే లవంగం కాస్త ఎక్కువే తగిలిందన్నాడు గోదాం మేనేజరు. ఆ లవంగం తొమ్మిదేళ్ళ కిందటిదని ఆయనకేం తెలుసు?

అమ్మాయి వంతు వచ్చింది. ఆమె కాగితం చూస్తూనే చదివింది. మూడు: ఎండిన చెర్రీ, నల్లద్రాక్ష తొక్క, కాల్చిన చక్కెర, వెనకాల తడి చెక్క. పోర్ట్ పీపా. ఆరు: అదే. రెండు: పచ్చి బార్లీ, వెనీలా, బేరిపండు. వైను పీపా మొహమే చూడని విస్కీ. చదువుతున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది. ఇద్దరు చెప్పింది కాస్త అటూ ఇటూ కావడం వేరు. పెద్దాయన షెర్రీ అన్న గ్లాసులో వైనే లేదని నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అంటోంది. యజమాని ఆమె వైపు జాలిగా చూశాడు.

ముక్కుగారు కవరు చించాడు. గ్లాసులమ్మ గుండ్రటి అక్షరాలు. మూడు, ఆరు: పోర్ట్. రెండు: మామూలు పీపా. ఐదు: మర్సాలా.

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. రెండూ ఐదూ అనాలి, కాగితం చించాలి, గిన్నెలో వెయ్యాలి. ఇదివరకు రెండుసార్లు చేసిన పనే. భయం వేయలేదు. సిగ్గు కూడా వేయలేదు. ఎవరికో వచ్చిన ఉత్తరం పొరపాటున విప్పి చదువుతున్నట్టుంది. నోరు తెరవబోయాడు.

అప్పుడు కలం గీరుతున్న చప్పుడైంది. అమ్మాయి తన కాగితం మీద మూడూ ఆరూ అని రాసినచోట అడ్డంగా గీత కొట్టి, పైన రెండు అని రాస్తోంది. ఆయన ఇంకా ఏమీ చెప్పనేలేదు. చెప్పకముందే, ఆయన అన్నాడు కాబట్టి తనదే తప్పని ఆమె తేల్చేసుకుంది. అంత శుభ్రంగా పట్టుకున్న జంటను తన చేత్తోనే కొట్టేసుకుంటోంది.

ఆయనకు కోపం వచ్చింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఏదో ఒకటి వచ్చింది. అది ఆ పిల్ల మీదో తన మీదో చెప్పడం కష్టం, కానీ చెవులు వేడెక్కేంత కోపం.

"కొట్టేయకు," అన్నాడు. "నువ్వు రాసిందే రైటు. మూడూ ఆరూ."

కాగితాన్ని చించకుండా బల్ల మధ్యలో, అందరికీ కనపడేలా పెట్టాడు. యజమాని కళ్ళజోడు సర్దుకుని చూసి, ఎంత తలపండినవాళ్ళకైనా ఒక్కోరోజు ముక్కు మొండికేస్తుంది, దానికేముందండీ అన్నాడు. జలుబు చేసినట్టుందని మేనేజరు అందించాడు. తప్పించుకునే దారిని ఇద్దరూ కలిసి తివాచీలా పరిచారు. ముక్కుగారు దాని మీద అడుగు పెట్టలేదు.

"జలుబు కాదు. ఎనిమిది నెలలుగా నాకు ఏ వాసనా తెలియడం లేదు. ఇన్నాళ్ళూ నేను రాసిందంతా పాత నోటుబుక్కుల్లోది."

మేనేజరు ముక్కున వేలేసుకున్నాడు. యజమాని, మరి ఈ ఎనిమిది నెలల్లో కొన్న నాలుగు పీపాల మాటేమిటని అడిగాడు. వాటి గురించి తనకేమీ తెలియదని ముక్కుగారు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ సీసాలన్నీ అప్పటికే అమ్ముడుపోయాయి. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. పైగా లేబుల్ మీద రాసిన రుచులన్నీ అక్షరాలా తగిలాయని మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి. యజమానిని బాధపెట్టింది నిజానికి ముక్కుగారి మోసం కాదేమో. నాలుగుసార్లూ తనకూ అలాగే అనిపించింది కదా, దాన్ని ఏం చేసుకోవాలో ఆయనకు తోచలేదు. చివరికి అమ్మాయి కాగితం తీసుకుని, పోర్ట్ పీపా కొందాం అన్నాడు. నాలుగో కుర్చీ ఆమెదేనన్నాడు. ఆమె సంతోషించలేదు. కొట్టేసిన గీత వైపే చూస్తూ కూర్చుంది.

ముక్కుగారు లేచి పక్క గదిలోకి వెళ్ళాడు. గ్లాసులమ్మ తొట్టి దగ్గర నిలబడి గ్లాసులు కడుగుతోంది. ఆయన్ని చూసి కుళాయి కట్టేసింది. మొహం చూస్తేనే సంగతి అర్థమైనట్టుంది.

రెండూ ఐదూ ఇన్నాళ్ళూ అశ్రద్ధతో పోస్తున్నావనుకున్నానని ఆయన చెప్పాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పంతొమ్మిదేళ్ళుగా పోస్తున్నాను అన్నయ్యగారూ. నాకెప్పుడైనా అశ్రద్ధ ఉందా?"

అప్పుడు చెప్పింది. జ్వరం తగ్గి పనికి వచ్చిన మొదటి రోజే ఆయన దగ్గర గులాబీ సబ్బు గుప్పుమంది. తెల్లగదిలోకి అలా వచ్చి కూర్చున్నాడు. ఇంకొకరు వస్తే మెట్ల మీంచే తరిమేసే మనిషి, తన ఒంటి వాసన తనకే తెలియకుండా గ్లాసు మూత తీశాడు. మిగతావాళ్ళు, పాపం భార్య పోయిన మనిషి, పట్టించుకోవడం మానేశాడనుకుని మర్యాదకు ఊరుకున్నారు. ఆమెకు మాత్రం సంగతి తెలిసిపోయింది. పైకి చెప్తే కుర్చీ పోతుంది, కుర్చీ కూడా పోతే ఈయన ఏమైపోతాడోనని భయం. అందుకని తనకు చేతనైన రీతిలో ఉప్పందించింది. వరసగా రెండూ ఐదూ పోసుకుంటూ పోతే ఎప్పటికైనా కనిపెడతాడు కదా అనుకుంది.

"ఇవాళ మాత్రం మార్చక తప్పలేదు. పిల్ల పరీక్ష కదా, అందరికీ తెలిసిపోయిన జంట పెడితే అది పరీక్షే కాదు. మీకోసం దాన్ని మోసం చెయ్యలేకపోయాను," అంది.

ఆయన అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు చేతికందిన సబ్బుతో స్నానం చేసి వచ్చేవాడు. అది ఏ సబ్బో ఎప్పుడూ చూడలేదు, కొట్టువాడు ఏది ఇస్తే అది. ఎనిమిది నెలలు ఒక మనిషి తనను కంటికి రెప్పలా కాచుకుంటూ వచ్చింది. దాన్ని వయసు మీదపడిన అశ్రద్ధ అనుకున్నాడు. ఆమె కుళాయి తిప్పి మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ఆయన లేచి పక్కన నిలబడి కడిగిన గ్లాసులు ఒక్కొక్కటీ అందుకుని బోర్లించాడు.

మధ్యాహ్నం అమ్మాయి ఆయన్ని ఇంటిదాకా దింపుతానని వెంట వచ్చింది. తాళం తీసి లోపలికి వెళ్ళాక, ముందుగదిలో కుట్టుమిషన్ పక్కన మేకుకు వేలాడుతున్న కోటు దగ్గర ఆయన ఆగాడు. బూడిద రంగు నూలు కోటు. పీచు బట్టలకు అంటకుండా ఆయన భార్య కుట్టేటప్పుడు వేసుకునేది. ఆసుపత్రికి వెళ్ళిన రోజు విప్పి అక్కడ తగిలించింది.

ఆ కోటును ఎవరినీ ముట్టుకోనివ్వలేదని చెప్పాడు. పొద్దున పనికి వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి, దాని కాలర్లో మొహం పెట్టుకుని నిలబడతాడట. ఏమీ తెలియదు. కానీ ఆమె వాసన అందులో ఉంది, తన ముక్కుకే అందడం లేదు, ముక్కు తిరిగి వచ్చిన రోజున అదీ దొరుకుతుంది అనుకుంటూ వచ్చాడు. ముక్కు పోయిందని ఎవరితోనూ ఒప్పుకోనిది కుర్చీ పోతుందని కాదు, ఒప్పుకుంటే ఈ వాసన కూడా పోయినట్టేనని. ఇంతసేపు ఆయన ఒక్క గుక్కలో మాట్లాడటం అమ్మాయి చాలాకాలంగా వినలేదు.

"నువ్వు చూసి చెప్పు. అత్త ఇంకా ఉందా?"

అమ్మాయి వెంటనే చెయ్యి చాపలేదు. మొహం కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. కోటును మేకు నుంచి తీయకుండానే ముందు దూరం నుంచి వాసన చూసింది, తర్వాత దగ్గరగా. మోచేతి మడతలో ఊపిరి తీసుకుని మళ్ళీ చూసింది. చేతులు, జేబు, వీపు, చివరికి కాలర్. కాలర్ దగ్గర ఎక్కువసేపు ఉంది.

"మిషన్ నూనె ఉంది," అంది. "చేతుల దగ్గర సుద్ద ఉంది. జేబులో ఇత్తడి వాసన, గుండీలవి."

ఆయన ఇంకా అన్నట్టు చూశాడు. ఆమె కళ్ళు నిండాయి. ఉందని అంటే సరిపోతుంది. ఆయనకు తెలిసే దారి లేదు, బతికినంత కాలం నమ్ముకుని ఉంటాడు.

"ఉన్నదే చెప్పు," అన్నాడు ఆయన.

"అత్త లేదు మామయ్యా. కాలర్ నిండా నీ సబ్బే ఉంది. అంతా నువ్వే ఉన్నావు."

రోజుకు రెండుసార్లు, ఎనిమిది నెలలు. తానే ఆమెను కొంచెం కొంచెంగా ఆ కోటులోంచి బయటికి నెట్టేశాడు. అది ఆయనకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అమ్మాయి ఆయన మొహం చూసి భయపడింది, అబద్ధం చెప్పి ఉండాల్సిందేమో అనుకుంది. ఆయన కోటును మేకు నుంచి తీసి, జేబులు తడిమి, గుండీలు తీసి మిషన్ మీద పెట్టాడు.

"అయితే ఉతికేయొచ్చు," అన్నాడు.

అన్నాడు గానీ కోటు వదల్లేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని భార్య కుట్టుకుర్చీలో కూర్చుని, అందరూ వస్తుందని చెప్పిన ఏడుపు ఏడ్చాడు. అమ్మాయి దొడ్లోకి వెళ్ళి బకెట్టు కుళాయి కింద పెట్టింది.